సైకిలు పెడలు: కాలికి కట్టు వలయునా?

సైకిలు కొనబోవునపుడు మనము రంగు చూతుము, సీటు మెత్తన చూతుము, ముందు బుట్ట కలదో లేదో చూతుము. పెడలును పరీక్షించువారు మిక్కిలి యరుదు. బండి యంతటిలో మన శరీరము తాకు స్థానములు మూడే: చేతులుంచు హ్యాండిలు, కూర్చుండు సీటు, పాదము మోపు పెడలు. నిమిషమునకు అఱువది చుట్ల చొప్పున ఇరువది నిమిషములు త్రొక్కినచో ఒక్కొక్క పాదము 1200 మాఱులు ఆ పెడలుతో తిరిగి వచ్చును. ఇంత పనిచేయు వస్తువు మనకు జ్ఞప్తికి వచ్చునది కాలు జాఱిననాడో, కాలు చిక్కిననాడో మాత్రమే. మా యింట ఈ రెండును జరిగినవి. కావున ఈ నెల దానిని గుఱించియే సోదరీమణులతో ముచ్చటింపదలచితిని.

మా పెద్దమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుచున్నది. బడికి సైకిలుమీద పోయి వచ్చును. గడచిన వర్షాకాలమున, "అమ్మా, పెడలుమీద చెప్పు జాఱుచున్నది" అని రెండు మూడు మాఱులు చెప్పినది. ఇంటిపనుల తొందరలో నేను వినియు విననట్లే యుంటిని. ఇంతలో హైదరాబాదున ఉద్యోగము చేయుచున్న మా తమ్ముడు వచ్చెను. వాడు ఆదివారములందు స్నేహితులతో కూడి నూఱు కిలోమీటర్లు సైకిలు త్రొక్కివచ్చువాడు. మేనకోడలి మాట విని, తన పాత సామానులలోని పెడళ్ళను, వానికి తగిలించు ఉక్కు క్లిప్పులను, తోలుబెల్టులను తెప్పించి, తన చేతులతోనే అమ్మాయి బండికి బిగించి పోయెను. వానికి పిల్లమీద గల ప్రేమను నేను శంకింపను.

వాడు వెళ్ళిన నాలుగవనాటి సాయంకాలము అమ్మాయి బడినుండి వచ్చుచుండెను. మా శావల్యాపురము గుంటూరు – గుంతకల్లు రైలుమార్గముమీద నున్న యూరు. గేటు పడినచో ఆగక తప్పదు. ఆనాడు గేటు దిగుచున్నది. ముందు ఆటో ఆగినది. వెనుక ట్రాక్టరు వచ్చుచున్నది. అమ్మాయి బ్రేకు పట్టి, ఎడమకాలు నేలకు దింపబోయినది. కాలు రాలేదు. బెల్టు బిగిసియున్నది. ఆగిపోయిన బండి పిల్లతోసహా ప్రక్కకు ఒరిగి పడినది. మోకాలు, మోచేయి దోకుకొనిపోయినవి. కాలి వెండిపట్టీ తెగినది. ట్రాక్టరు నడుపునాతడు దూరముననే నిలిపినందున కీడు అంతటితో పోయినది.

మా అత్తగారు గాయమును కడుగుచు, "పశువునకైనను నడిపించునపుడు బందము విప్పుదురు. పిల్లకు కాళ్ళు కట్టి బండి యెక్కించు తెలివి ఎక్కడిదే? ఇక ఈ యింట సైకిలు మాట వలదు" అనిరి. ఆ రాత్రియే సైకిలు పశువుల కొట్టములోనికి పోయినది. పండ్రెండు దినములు అది అచ్చటనే యుండెను. ఆ పండ్రెండు దినములలో అమ్మాయి ఆటో కొఱకు నిలిచి నిలిచి, నాలుగు మాఱులు మొదటి పాఠము పోగొట్టుకొనినది. సాయంకాలపు ప్రత్యేక తరగతి మానుకొనినది. తప్పు చేసినది బెల్టు. శిక్ష పడినది చదువునకు.

ఇది నా కూతురొక్కతెకు గలిగిన కష్టము కాదు. పల్లెలలో ఆడుపిల్లకు సైకిలనగా వినోదము కాదు; దూరముననున్న బడికి అది త్రోవ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2017లో 'బడికొస్తా' అను పేరిట ప్రభుత్వ పాఠశాలలలో తొమ్మిదవ తరగతి చదువు బాలికలకు సైకిళ్ళు పంచిన కారణమిదియే. అంతకు పూర్వము 2006లో బీహారు ప్రభుత్వము ఇట్టి పనియే చేసినది. దాని ఫలమును కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను అర్థశాస్త్రవేత్తలు పరిశీలించి, ఉన్నత పాఠశాలలలో తగిన వయస్సున చేరు బాలికల సంఖ్య నూటికి 32 వంతులు హెచ్చినదనియు, బాలబాలికల నడుమనున్న తేడా నూటికి 40 వంతులు తగ్గినదనియు 2017లో ప్రకటించిరి. ఇంత మేలు చేయు వాహనము ఒక చిన్న పతనముచే కొట్టములోనికి పోవుట ఎంత నష్టము! కావున మా అత్తగారి మాటలో సగము నిజమనియు, సగము కాదనియు నాకు తోచి, ఈ కాలికట్టుల సంగతి తెలిసికొనదలచితిని.

పాదమును పెడలునకు పట్టియుంచు సాధనములు ముఖ్యముగ రెండు. మొదటిది టో క్లిప్పు, బెల్టు. పెడలు ముందుభాగమున ఉక్కుతోనో ప్లాస్టికుతోనో చేసిన వంపు చట్రముండును. బూటు మొన దానిలో దూఱును. పెడలుగుండ పోయిన బెల్టు పాదముమీదుగా వచ్చి బకిలుచే బిగియును. పాదమును వెలికి తీయవలెనన్న వెనుకకు లాగవలెను. బెల్టు గట్టిగా బిగించియున్నచో ముందు చేతితో బకిలు వదులు చేయవలెను. ఇట్టి యూహ మనదేశమునకు క్రొత్త కాదు. సాంచీ శిల్పములలో గుఱ్ఱపు రౌతులు కాలి బొటనవ్రేలిని ఒక ముడిలో దూర్చియుండుట చూడవచ్చును. బూట్లు లేని మన దేశమున రికాబు తొలిరూపమది. అయినను ఆ ముడిలో నుండునది వ్రేలొక్కటియే. పాదమంతయు బందీ కాదు.

రెండవది క్లిప్‌లెస్ పెడలు. ఈ పేరు వినిన కాలికి పట్టు ఏమియు ఉండదని తోచును. నిజమునకు మొదటిదానికంటె దీనిపట్టు గట్టిది. ముందుండు చట్రము, అనగా క్లిప్పు, దీనికి లేకుండుటచే ఆ పేరు వచ్చినది. దీనికి ప్రత్యేకమైన బూట్లు కావలెను. బూటు అడుగున ఒక లోహపు బిళ్ళ బిగించియుండును. దానిని పెడలుమీద పెట్టి అదిమినంతనే స్ప్రింగు టక్కున పట్టుకొనును. విడిపించుకొనవలెనన్న మడమను బయటి వైపునకు త్రిప్పవలెను. పైకెత్తినను రాదు, వెనుకకు లాగినను రాదు. 1971లో ఇటలీ దేశపు చినెల్లీ సంస్థ ఎం-71 అను పెడలు చేసినది. దానినుండి కాలు తీయుటకు వంగి చేతితో మీట కదపవలసివచ్చెడిది. మంచుమీద జాఱెడి ఆటకు కాలిపట్లు చేయుచుండిన లుక్ అను ఫ్రెంచి సంస్థ 1984లో మడమ త్రిప్పిన విడివడు పెడలును తెచ్చినది. మఱుసటి యేడు బెర్నార్డ్ హినో వానితోనే టూర్ ద ఫ్రాన్స్ పందెమును గెలిచెను. 1990లో జపాను దేశపు షిమానో సంస్థ చిన్నబిళ్ళ గల పెడలును తెచ్చినది. దాని బూటులో బిళ్ళ అడుగుననున్న గుంటలో ఇమిడియుండుటచే దానితో నేలపైనను నడువవచ్చును. అది మొదలు పందెపుబండ్లకు బెల్టుల వాడుక క్రమముగ తగ్గినది.

ఈ పెడలు సంగతి వినునపుడెల్ల నాకు అభిమన్యుడు జ్ఞప్తికి వచ్చును. పద్మవ్యూహమున ప్రవేశించు నుపాయము ఆ బాలునకు తెలియును. వెలువడు నుపాయము తెలియదు. ఈ పెడలులోనికి పాదము ప్రవేశించుట క్షణములో నేర్వవచ్చును. వెలువడుట నేర్చుకొనుటకు దినములు పట్టును. ఆ నేర్పు కుదురకమునుపే రోడ్డెక్కినచో గేటుకడ పతనము తప్పదు.

ఇట్లైన వీనివలన మేలు లేదా? కలదు. వేగముగ త్రొక్కునపుడును, గతుకులలోను పాదము పెడలునుండి ఎగిరిపోదు. ప్రతిమాఱును పాదము ఒక్క చోటనే నిలుచును. నరసరావుపేట కడనున్న కోటప్పకొండ ఘాటురోడ్డును పందెపుబండితో ఎక్కు యువకునకు అది సాయపడవచ్చును. కాని "పాదము కట్టియున్నచో పెడలును పైకి లాగవచ్చును గనుక బలము రెట్టింపగును" అని చెప్పు మాటను నమ్మరాదు. 2007లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో సైకిలు పందెగాండ్రచేత పలువిధముల త్రొక్కించి చూచిరి. పెడలును కావలెనని పైకి లాగునపుడు, తమకు సహజమైన రీతిని త్రొక్కునప్పటికంటె శరీరశక్తి ఎక్కువ వ్యయమైనదని తేలినది. మన బండి సాగునది ముఖ్యముగ క్రిందికి త్రొక్కు బలముచేతనే. అందుకు కట్టు అక్కఱలేదు.

ఇక మన నిత్యప్రయాణము ఎట్టిదో చూడుడు. ఇంటినుండి బడికో, పిండిమరకో, బ్యాంకుకో పోవుదుము. నడుమ గేదెల మంద అడ్డమగును, మిరపబస్తాల ట్రాక్టరు ఎదురగును, మలుపున ఆటో హఠాత్తుగా ఆగును, తెలిసినవారు పలుకరింతురు. మైలు దూరములో పదిమాఱులు కాలు దింపుదుము. కాలు దింపుట మనకు సైకిలు నడుపుటలో ఒక భాగము.

మన వేషమును కూడ తలపవలెను. మనము తొడుగునవి చెప్పులు. బెల్టు బిగించినచో చెప్పులోని పాదముమీద నేరుగ ఒఱయును. మెట్టెలు పెట్టుకొనిన వ్రేళ్ళు ఉక్కు చట్రములో ఒత్తుకొనును. బిగుతైన బూటులోను అంతియే. పట్టీల మువ్వలు బకిలులో చిక్కును. చీరకుచ్చెళ్ళు వ్రేలాడు బెల్టుకొసకు తగులుకొనును. పాదము దూర్పకుండ పైపైన త్రొక్కుదమన్న, క్లిప్పు బరువునకు పెడలు తలక్రిందులై, చట్రము రోడ్డును రాచుకొనుచు పోవును. క్లిప్‌లెస్ పెడలునకు వేఱొక చిక్కు: మన పల్నాటి నల్లరేగడి. వాన కురిసిననాడు రెండడుగులు వేసిన బూటుక్రింద దిమ్మ కట్టును. ఆ బురద బిళ్ళలో దూఱినచో పెడలు పట్టుకొననైన పట్టుకొనదు, లేదా పట్టుకొని సులభముగ విడువదు. ఆ పెడళ్ళలో పెక్కింటికి, మామూలు పెడళ్ళకుండు పసుపురంగు రిఫ్లెక్టర్లు కూడ లేవు. చీకటిలో వెనుక వచ్చు లారీవానికి ఆ బిళ్ళలు క్రిందికి మీదికి ఆడుచు కనబడుట మన పిల్లలకు గొప్ప రక్ష.

అయినను పరీక్షింపక దూషించుట న్యాయము కాదు. సెలవుదినమున బడి మైదానమున నేనే ఎక్కి చూచితిని. మొదట అమ్మాయి బండికి బెల్టులు వదులుచేసి త్రొక్కితిని. ఆలోచించుకొని ఆగునపుడు కాలు చక్కగా వెనుకకు వచ్చినది. కాని మావారు ముందుగ చెప్పక "ఆగు!" అని కేకవేసినపుడు నా పాదము వెనుకకు గాక ప్రక్కకు పోయి చట్రమునకు తగిలినది. సంక్రాంతికి తమ్ముడును మరదలును తమ బండ్లతో వచ్చిరి. మరదలి బూట్లు నాకు సరిపోయినవి. ఆమె నేర్పగా క్లిప్‌లెస్ పెడళ్ళమీద నాలుగు చుట్లు తిరిగితిని. అయిదవ చుట్టున మా చిన్నవాడు అడ్డము వచ్చినాడు. బ్రేకు పట్టితిని గాని మడమ త్రిప్పుట మఱచితిని. గడ్డిలో పడితిని గనుక నవ్వుకొంటిమి. అదియే రైలుగేటు కడనైనచో నవ్వువచ్చునా?

"అక్కయ్యా, నెలదినములు అభ్యాసము చేసిన అదియే అలవాటగును. వానలో జాఱుట అను మాటయే యుండదు" అని తమ్ముడు వాదించెను. వాని మాట అబద్ధము కాదు. ప్రతిదినమును ఒకే బూట్లు, ఒకే బండి, పొడవైన ఖాళీరోడ్డు గలవానికి అది నిజమే. కాని మన బండిని ఉదయము కూతురు, మధ్యాహ్నము తల్లి, సాయంకాలము మఱది త్రొక్కుదురు. భయము కలిగిన క్షణమున పాదము క్రొత్త పాఠమును మఱచి చిన్ననాటి పాఠమునే చేయును. అందుచే నేను నిశ్చయించుకొనినది ఇది: ఎక్కువ దూరము ఆగక పోవువారికి కట్టు పనికివచ్చును, తక్కువ దూరములో పలుమాఱులు ఆగువారికి పాదము స్వేచ్ఛగా నుండవలెను. నిత్యవాడుకకు రెంటిలో ఏది మేలని అడిగిన, రెండును వలదు; వెడల్పైన మామూలు రబ్బరు పెడలు మేలని చెప్పుదును.

అట్లైన కాలు జాఱుట మాటేమి? అమ్మాయి మొదట చెప్పిన కష్టము అదియే గదా. దానికి మందు కట్టు కాదు, కారణము వెదకుట. నేను బండిని రిపేరు షాపునకు పంపక ముందు స్వయముగ చూచితిని. పెడలు రబ్బరు అరిగి అద్దమువలె నున్నుపై యున్నది. కుడిపెడలుకు చైను నూనె అంటియున్నది. ఎడమ పెడలులోని గుండ్లు వదులై, త్రొక్కినపుడెల్ల పలక ఊగుచున్నది. చెప్పు అడుగు కూడ అరిగినది. సీటు ఎత్తుగా నుండుటచే పెడలు క్రిందికి పోయినపుడు పిల్ల వ్రేళ్ళకొసలతో అందుకొనుచున్నది. ఇన్ని లోపములుండగా బెల్టు కట్టుట, కారుచున్న కుండకు మూత బిగించుటవంటిది.

మీరును ఇట్లు పరీక్షింపుడు. సీటుమీద కూర్చుండి మడమను పెడలుమీద నుంచి, పెడలును క్రిందికి త్రిప్పిన మోకాలు చాగవలెను; నడుము ప్రక్కకు వంగరాదు. క్రొత్తగా నేర్చు పిల్లలకు పాదములు నేలనందునట్లు ఇంకను దించవలెను. త్రొక్కునపుడు పాదపు నడిమిభాగము గాక, వ్రేళ్ళ మొదలునందలి వెడల్పైన భాగము పెడలు ఇరుసుమీద నుండవలెను. రబ్బరు అరిగినచో క్రొత్తజత వేయింపుడు. పెడలు ఇరుసు మర పెద్దల బండ్లకు సాధారణముగ అంగుళములో 9/16 వంతు. కొన్ని పిల్లల బండ్లకు 1/2 వంతు. కావున పాత పెడలును చూపి కొనవలెను. ఇంటనే మార్చువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను: కుడిపెడలు మర అన్ని మరలవంటిదే, ఎడమపెడలు మర తలక్రిందు. ఎడమదానిని విప్పుటకు పానాను గడియారపు ముల్లు తిరుగు వైపునకు త్రిప్పవలెను. ఇది తెలియక బలము చూపినచో మర పాడగును. ఇనుపముండ్లు గల పలకపెడళ్ళు కూడ అంగళ్ళలో నున్నవి; అవి జాఱవు గాని పిక్కను చీరును, చీరను చించును. మనకు రబ్బరే తగినది.

కట్టు వేసికొనియే తీఱవలెనను కోరిక గల పిల్లలుందురు. పోటీలకు పోవు పిల్లకు అది అవసరమును. వారిని నిరుత్సాహపఱుపవలదు, క్రమము నేర్పుడు. గడ్డినేలమీద, ఖాళీమైదానమున మొదలుపెట్టవలెను. మనదేశమున బండ్లు ఎడమప్రక్కన పోవును గనుక ఆగునపుడు ఎడమకాలు దింపుదుము. అందుచే కొన్నాళ్ళు కుడికాలికి మాత్రమే కట్టు ఉంచి ఎడమదానిని విడిచిపెట్టవలెను. బెల్టు అయినచో కాలు తేలికగా వచ్చునంత వదులుగాను, క్లిప్‌లెస్ అయినచో స్ప్రింగు మరను మిక్కిలి వదులుగాను ఉంచవలెను. బ్రేకు పట్టుటకు ముందే కాలు విడిపించుకొనవలెను, పిదప కాదు. ఒక ప్రక్క పట్టు, వేఱొక ప్రక్క మామూలు పలక గల పెడళ్ళు కూడ కలవు. ఊరిలో పలకవైపు, పొడవైన రోడ్డున పట్టువైపు వాడుకొనవచ్చును. చీర కట్టిననాడు మాత్రము ఏ కట్టును వలదు.

"ఈ వయస్సున మాకు సైకిలేమి, పెడలేమి" అని కొందఱు సోదరీమణులు నవ్వుదురేమో. అమెరికా దేశమున స్త్రీల హక్కుల కొఱకు పాటుపడిన ఫ్రాన్సిస్ విల్లార్డు ఏబదిమూడవ యేట సైకిలు నేర్చి, ఆ నేర్చుకొనిన విధమును 1895లో పుస్తకముగ వ్రాసినది. కూతురు ఏమి కష్టపడుచున్నదో తెలియవలెనన్న తల్లి ఒక్కమాఱు ఆ బండి యెక్కి చూడవలెను. నేను ముందే చూచియున్న ఆ పతనము జరుగకపోయెడిది. పిల్ల మూడుమాఱులు చెప్పిన మాటను వినని తప్పు నాది.

పదమూడవనాడు క్రొత్త రబ్బరు పెడళ్ళు వేయించి, సీటు రెండంగుళములు దించి, సైకిలును వాకిట నిలిపితిని. మా అత్తగారు వచ్చి పెడలును చేతితో త్రిప్పి చూచిరి, "ఇందులో కాలు ఎక్కడ ఇరుకును?" అని అడిగిరి. ఎక్కడను ఇరుకదని అమ్మాయి పాదము పెట్టి, తీసి, మరల పెట్టి చూపినది. ఆమె అవునని గాని కాదని గాని అనలేదు. మఱునాటి ఉదయము అమ్మాయి బయలుదేరునపుడు, "గేటు కడ మెల్లగా పో" అని మాత్రము అనిరి. ఆనాడు అమ్మాయి మొదటి పాఠమునకు అందుకొనినది.

మీ యింట సైకిలు త్రొక్కు పిల్ల యున్నచో ఈ రాత్రి దీపము తీసికొనిపోయి పెడలురబ్బరును వ్రేలితో తడవి చూడుడు. జాఱుడుగ నున్నచో రేపే మార్పింపుడు.